అప్పాజీ చాటున తిమ్మరుసు

తెనాలి రామలింగకవి పేరు వినగానే మనవారికి మొదట స్ఫురించునది వికటకవి కథయే. ఆ కవి ఉద్భటారాధ్యచరిత్రమును ఎవరికి అంకితమిచ్చెనో, ఆ కృతిభర్త ఎవరి కొలువులో నుండెనో విచారించువారు అరుదు. కృతిభర్త ఊర దేచమంత్రి. ఆయన ఉద్యోగము చేసినది కొండవీటి పాలకుడైన నాదిండ్ల గోపమంత్రి కడ. ఆ గోపమంత్రి విజయనగర మహాప్రధాని సాళువ తిమ్మరుసునకు మేనల్లుడు. తెనాలి, వేమూరు, రేపల్లె, బాపట్ల అని నేడు మనము వేరువేరు పేర్లతో పిలుచుకొనుచున్న ఈ దక్షిణతీరపు నేల, ఇంచుమించు కృష్ణ మొదలు గుండ్లకమ్మ వరకును, ఆనాడు కొండవీటిసీమలోనిది. హంపీలో నుండి సామ్రాజ్యమును నడపిన ఆ వృద్ధమంత్రికిని, ఆనకట్టయు కాలువలును లేని ఆ దినములలో వానమీదను చెరువులమీదను ఆధారపడి వేమూరు పరిసరములలో పైరు పెట్టుకొని బ్రతికిన మన పూర్వులకును నడుమ నున్న సంబంధము ఈ కొండవీటి పరిపాలనయే.

ఆ సంబంధమును మనము మరచినాము. మనకు మిగిలినది అప్పాజీ. రాయలకు పట్టము గట్టుటకు ముందు చెంపపై కొట్టి, ఇకమీదట నిన్ను దండించువాడుండడు గనుక దండన బాధ యెట్లుండునో ఇప్పుడే తెలిసికొమ్మని చెప్పిన అప్పాజీ. పొరుగురాజులు పంపిన చిక్కుప్రశ్నలను విప్పిన అప్పాజీ. బాలల పత్రికలలో బొమ్మలతో వెలసి మూడు తరముల పిల్లలను మురిపించిన అప్పాజీ. ఈ కథలు మధురమైనవి. తెలుగువాడు రాజనీతిని తన పిల్లలకు ఉగ్గుతో రంగరించి పోసిన తీరు వీనిలో కనిపించును. అయినను ఈ యుక్తులన్నియు ఒకచోట కుప్పపోయగా ఏర్పడునది ఒక చమత్కారి రూపము మాత్రమే. ఒక దేశమును జయించిన మరునాటినుండి దానిని ఎట్లు కుదుటపరుపవలెనో ఎరిగిన మహాపురుషుని రూపము దానిచాటున మరుగున పడిపోయినది.

ఇట్టి మరుగుపాటు మనకొక్కరికే కలుగలేదు. ప్రాచీన చీనాదేశమున మూడు రాజ్యముల కాలమున శూ రాజ్యమునకు ప్రధానామాత్యుడైన జూగే లియాంగ్ 181లో జన్మించి 234లో ఉత్తరదేశపు దండయాత్ర నడుమ శిబిరముననే ప్రాణములు విడిచెను. పదునాలుగవ శతాబ్దినాటి మహాకథ ఆయనను గాలిని పిలిపించిన మాంత్రికునిగాను, తెరచిన కోటగుమ్మముపైన నిశ్చింతగా వీణ వాయించుచు శత్రుసేనను భయపెట్టి మరలించిన మాయావిగాను లోకమునకు పరిచయము చేసినది. ఆయన మరణానంతరము కొన్ని దశాబ్దములకే చరిత్ర వ్రాసిన చెన్ షౌ మాత్రము వేరొక విధముగా తీర్పు చెప్పినాడు: ప్రజాపాలనలోను శాసనవిధానములోను ఆ మంత్రి పూర్వకాలపు మహామంత్రుల సరసన నిలువదగినవాడనియు, రణరంగమున అప్పటికప్పుడు ఎత్తులు మార్చుటయందు బహుశః ఆయన బలము అంతటిది కాదనియు ఆతని భావము. ప్రజలు దేనికై ఆయనను పూజించిరో, చరిత్రకారుడు దానినే రెండవస్థానమున నిలిపినాడు. తిమ్మరుసు విషయమున చెన్ షౌ వంటి చరిత్రకారుడు మనకు దొరకలేదు. ఉన్నవి రాతిస్తంభములును, ఇరువురు పోర్చుగీసువారి వ్రాతలును, రాయల కావ్యమును మాత్రమే. వీనిని దగ్గర పెట్టుకొని చదివినచో మన మంత్రికిని అట్టి తీర్పే చెప్పవలసియుండునని నా నిశ్చయము.

తిమ్మరుసు కౌండిన్యసగోత్రుడు, నియోగి బ్రాహ్మణుడు. తండ్రి రాచయ, తాత వేమయ. చిన్ననాటి విషయములు కథలకే తప్ప శాసనములకు ఎక్కలేదు. పాండిత్యమునకు మాత్రము సాక్ష్యము గలదు: అగస్త్యపండితుని సంస్కృత బాలభారత కావ్యమునకు ఆయన మనోహరమను వ్యాఖ్య రచించెను. కత్తి పట్టినవాడును, కరణీకము తెలిసినవాడును, కావ్యము విప్పి చెప్పగలవాడును ఒక్కడే యగుట ఆ కాలపు తెలుగు నియోగులలో అబ్బురము కాదు; ఆయన మేనల్లుడు గోపమంత్రియు కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయమునకు వ్యాఖ్య వ్రాసినవాడే, తెనుగున కృష్ణార్జునసంవాదమను ద్విపద రచించినవాడే. మరియొక మేనల్లుడు నాదిండ్ల అప్పమంత్రి మాదయగారి మల్లనకవి రాజశేఖరచరిత్రమునకు కృతిభర్త. నాదెండ్ల గ్రామము నేటి పల్నాడు జిల్లాలో చిలకలూరిపేటకు సమీపముననే యున్నది.

వీరనరసింహరాయలు అవసానదశలో తన చిన్నకుమారునికి రాజ్యము దక్కవలెనని కోరి, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు పెరికి తెమ్మని తిమ్మరుసును ఆజ్ఞాపించెననియు, మంత్రి ఆ యువకుని గుఱ్ఱపుసాలకు కొనిపోయి, ఒక మేక కన్నులు తెచ్చి రాజునకు చూపి ఆయన ప్రాణములను కాపాడెననియు, పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్ వ్రాసియున్నాడు. 1535 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన ఈ వర్తకుడు విన్నది వినినట్లు వ్రాసినవాడు. ఇందు ఎంత నిజమో ఎంత జనశ్రుతియో విడదీయుట కష్టము. 1509లో కృష్ణరాయలు సింహాసనమెక్కుటకు తిమ్మరుసు ప్రధానకారకుడన్న అంశమును మాత్రము సందేహింప బనిలేదు. నూనిజ్ కంటె పదునైదేండ్లు ముందు వచ్చిన రెండవ పోర్చుగీసువాడు పేయస్, ఈ వృద్ధుడే రాజును పెంచి రాజుగా నిలిపినాడనియు, అందుచే రాజు ఆయనను తండ్రివలె భావించుననియు, రాజమందిరమంతయు ఆయన ఆజ్ఞలో నడచుననియు, గొప్ప గొప్ప సామంతులును ఆయన యెదుట రాజునెదుట మెలగినట్లు మెలగుదురనియు స్పష్టముగా చెప్పినాడు.

కొండవీటి విజయము

గజపతుల చేతిలో నున్న తూర్పుతీరమును తిరిగి గొనుట కృష్ణరాయల మొదటి మహాసంకల్పము. కొండవీటిని రెడ్లు నూరేండ్లపాటు ఏలిరి; చివరివాడగు రాచవేముడు పురిటిపన్ను కూడ విధించి జనకంటకుడై సవరము ఎల్లయ చేతిలో హతుడయ్యెనని మనవారు చెప్పుకొందురు. అటుపిమ్మట పదునైదవ శతాబ్ది మధ్యమున కపిలేశ్వర గజపతి ఈ సీమను కబళించెను. కావున 1513లో విజయనగరసేన తూర్పునకు కదలునప్పటికి ఈ ప్రాంతమువారు ఓఢ్రరాజుల పాలనలో రెండు తరములు గడపియుండిరి.

మొదటిది ఉదయగిరి. ఆ గిరిదుర్గమును పట్టుటకు ఏడాదికి పైగా పట్టినది. 1514లో అది లోబడినది. గజపతికి పినతండ్రివరుస యగు తిరుమల రాహుత్తరాయడు బందీగా చిక్కెను. అచటి బాలకృష్ణవిగ్రహమును రాయలు హంపీకి తరలించి గుడి కట్టించెను. పిదప అద్దంకి, వినుకొండ, బెల్లముకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము ఒకటి వెంట నొకటిగా పడిపోయినవి. ఈ వరుసను పటము ముందిడుకొని చూచినచో ఒక ఆలోచన కనిపించును. కొండవీటిపై నేరుగా విరుచుకుపడక, దానికి దక్షిణమునను పడమటను ఉన్న ఒక్కొక్క కోటను ముందుగా స్వాధీనపరచుకొని, దానికి సాయము రాదగిన దారులన్నియు మూసివైచిరి. తుదకు కొండవీడు ఒంటరియై నిలిచినది. కోటచుట్టును నడచప్పరములు ఎత్తించి, గోడమీది భటులతో సమానమైన ఎత్తున నిలిచి పోరాడునట్లు చేసి, నిచ్చెనలు వేయించి లగ్గకెక్కించిరి. శాలివాహన శకము 1437 యువ సంవత్సర ఆషాఢ శుద్ధ ఏకాదశి శనివారమున, అనగా 1515 జూన్ 23న, కొండవీడు లొంగినది. కోటను పట్టినవాడు సాళువ తిమ్మరుసని అచటి స్తంభశాసనమే చెప్పుచున్నది. మంగళగిరి నరసింహస్వామి సన్నిధిలోని స్తంభమును ఆ విజయమును కీర్తించుచున్నది. ఎల్లరును ఉపవాసముండు తొలియేకాదశినాడు ఈ సీమ చేతులు మారినదన్న సంగతి మన పల్లెలలో ఎందరికి తెలియును?

కోటలో గజపతికుమారుడు వీరభద్రుడు దొరికెను. కుమార హంవీరుని పుత్రుడు నరహరిపాత్రుడును, మల్లూఖానుడును, ఉద్దండఖానుడును, పూసపాటి రాచిరాజును, మరికొందరు పాత్రసామంతులును దొరికిరి. వీరిని ప్రాణములతో పట్టి అభయదానమిచ్చిరని రాయల శాసనములు పదే పదే చెప్పును. ఈ అభయము ఉత్తమాట కాదనుటకు నిదర్శనమున్నది. మరుసటి యేడే, 1516లో, కన్నడదేశమున మలెబెన్నూరు సీమకు ఆ వీరభద్రుడే పాలకుడై, తనను జయించిన కృష్ణరాయలకును, కన్నతండ్రి ప్రతాపరుద్రునకును పుణ్యము కలుగుటకై పెండ్లిపన్నును రద్దుచేసినట్లు ఒక శాసనము గలదు. పట్టుబడిన శత్రుకుమారునకు దూరదేశమున ఒక సీమ అప్పగించి, గౌరవమునకు లోపము రాకుండ చూచి, తిరిగి తూర్పుతీరమున తలయెత్తు అవకాశము మాత్రము లేకుండ చేయుట ఎంతటి పరిణతబుద్ధి! చీనామంత్రి 225లో దక్షిణపు అడవిజాతులపై దండెత్తినప్పుడు, వారి నాయకుడగు మెంగ్ హువోను ఏడుమారులు పట్టి ఏడుమారులు విడిచెనని కథ. ఏడుమారుల మాట ఎట్లున్నను, జయించిన పిమ్మట అచటి పాలనను స్థానికులకే విడిచెనని చెప్పుదురు. దేశముననుసరించి ఉపాయము మారినది. గెలిచినది నిలుపుకొనవలెనన్న దృష్టి ఇరువురిదియు ఒక్కటే.

ఇచట యుక్తులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. రాయవాచకమను గ్రంథము, రాయల తరువాత రెండుమూడు తరములకు దక్షిణమున మధురానాయకుల యేలుబడిలో పుట్టినది, అప్పాజీ గజపతిని తరిమిన ఉపాయమును ఒకదానిని వివరించును. గజపతికి వెన్నెముకవంటివారు పదునార్గురు పాత్రులు. వారితో ఏదో ఒడంబడిక జరిగినట్లును, ఆ ప్రకారము గజపతిని పట్టియిచ్చినందులకు ఈ ధనము పంపుచున్నట్లును జాబులు వ్రాయించి, పెట్టెలలో సొమ్ముతోపాటు పెట్టించి, అవి పాత్రులకు చేరకముందే గజపతి చేతికి చిక్కునట్లు అప్పాజీ ఏర్పాటు చేసెను. గజపతి వానిని చదివి, తనవారే తన్ను అమ్ముకొనిరని తలచి, తెల్లవారకమునుపే నగరము విడిచి పారిపోయెను. చీనాదేశపు యుద్ధశాస్త్రమున సున్‌జూ పదుమూడు అధ్యాయములు వ్రాసి చివరి అధ్యాయమును గూఢచారులకే కేటాయించినాడు; క్రీస్తుపూర్వము మూడవ శతాబ్ది తుదిలో హాన్ పక్షపు చెన్ పింగ్ ఇట్టి అపోహనే పుట్టించి, శత్రువైన షియాంగ్ యూ నుండి ఆతని వృద్ధమంత్రి ఫాన్ జెంగ్‌ను దూరము చేసినాడు. మన కౌటిల్యుడు దీనినే భేదోపాయమనెను. పెట్టెల కథ జరిగినదో లేదో, రాజ్యములు గోడలు కూలుటవలన కంటె నమ్మకము కూలుటవలన త్వరగా పడిపోవునన్న సత్యమును తిమ్మరుసు పేరిట చెప్పుకొనవలెనని ఆ తరువాతి తరమువారికి తోచినది. అదే సత్యము కొన్నేండ్లకు ఆయన ఇంటిమీదికే వచ్చుట విధివిలాసము.

కొండవీటి తరువాత బెజవాడ, కొండపల్లి, రాజమహేంద్రవరము లొంగి, 1516 మార్చి నాటికి రాయలు సింహాచలము చేరెను. తుదకు గజపతి కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేయుటయు, కృష్ణకు ఉత్తరముననున్న దేశమును రాయలు గజపతికి మరల ఇచ్చివేయుటయు జరిగినవి. కృష్ణకు ఇవతలి నేలను మాత్రము విడువలేదు. వేమూరు సీమ విజయనగరమునకు నిలిచినది అట్లు.

స్తంభము మీది సంత

జయించుట ఒకయెత్తు, తరువాతి కార్యము వేరొకయెత్తు. రాయలు అమరావతికి పోయి దేవేరులతో స్వామిని సేవించి తులాపురుషాది దానములు చేసి, శ్రీశైలము మీదుగా మరలిపోయెను. కొండవీటి భారము తిమ్మరుసు తలమీద పడినది. ఆయన గోపమంత్రిని కొండవీటను, అప్పమంత్రిని వినుకొండ గుత్తి మొదలైన చోట్లను నిలిపెను. ఇంతలో గోలకొండ కులీకుతుబ్‌షా సేన వచ్చి కొండవీటిని ముట్టడింపగా తిమ్మరుసు స్వయముగా వచ్చి దానిని ఓడించి మదారుల్‌ముల్కను సేనానిని బందీచేసెను. ఆ యుద్ధమును వర్ణించుటకు నాకు ఉత్సాహము లేదు. నన్ను ఆకర్షించునది కొండవీటి శాసనమున సరకుల పట్టిక.

కొండవీటికి అమ్మకమునకు వచ్చు సరకులపై దేవునికి చెల్లవలసిన సుంకములను అందు ఒక్కొక్కటిగా చెక్కించిరి. జొన్నలు, ఉప్పు, మామిడికాయలు, ఉసిరికలు, వంకాయలు, ఇండుపుగింజలు, ఇప్పపువ్వు ఒక తరగతి. పెసలు, మినుములు, సెనగలు, ఉలవలు, కందులు, గోధుమలు, నువ్వులు, అనుములు, పత్తి, చింతపండు, ఉల్లి, పసుపు, మెంతులు, జీలకఱ్ఱ, ఆవాలు, అల్లము, నిమ్మపండ్లు, టెంకాయలు, తుదకు క్రొత్త గోనెసంచులు ఇంకొక తరగతి. బెల్లము, నెయ్యి, ఆముదము, శొంఠి, ఇనుము, ఉక్కు, పంచదార ఇంకను పైది. పోకలు, తమలపాకులు, నూలు. ఆపైన మిరియాలు, పిప్పళ్ళు, చందనము, లవంగములు, జాజికాయ, జాపత్రి, సీసము, తగరము, రాగి, ఆడువారి చీరలు. చదువుచుండగా మన తెనాలి అంగళ్ళ వీథి కన్నులకు కట్టినట్లుండును.

ఈ పట్టికలో ఒక నీతి గలదు. పేదవాడు కొను జొన్నకును ఉప్పునకును వంకాయకును స్వల్పము. ధనికుడు కొను జాపత్రికిని చందనమునకును అధికము. అంతకంటె ముఖ్యమైనది ఏమనగా, సుంకము ఎంతో రాతిమీద ఉన్నది. సుంకరి నోటిమాట మీద ఆధారపడి లేదు. అక్షరము తెలిసిన ఒక్కడు స్తంభమునొద్ద నిలిచి చదివెనేని బండివాడును, పెరికయెద్దులవాడును తాను చెల్లింపవలసినది ఎంతో తెలిసికొనగలడు. పురిటిపన్ను జ్ఞాపకము జనుల మనస్సులలో మాయని సీమలో, ఒక పరరాజును తరిమి వచ్చిన క్రొత్త ప్రభుత్వము, ఇంతవరకు మాత్రమే మేము గొందుము అని నలుగురు చూచుచోట చెక్కించుట సామాన్యమైన కార్యము కాదు. వర్తకుడు నమ్మి వచ్చును; వర్తకుడు వచ్చినచో రైతు పండించినది అమ్ముడువోవును; అమ్ముడుపోయినచో పన్ను వచ్చును. అంతకుముందు 1244లో కాకతీయ గణపతిదేవుడు మన బాపట్ల జిల్లా మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయశాసనము వ్రాయించి తీరసుంకములను నిర్ణయించినది ఈ ఆలోచనతోనే. తిమ్మరుసు ఆ సంప్రదాయమునకు వారసుడు. జూగే లియాంగ్ తన చివరి దండయాత్రలో వై నదీతీరమున సైనికులచేత పొలము దున్నించి, వారి తిండి వారే పండించుకొనునట్లు, అచటి కాపులకు ఉపద్రవము లేకుండునట్లు ఏర్పరచినాడని చదివినప్పుడు నాకు ఈ కొండవీటి స్తంభమే గుర్తుకు వచ్చును.

ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు చెప్పిన రాజనీతి ఉన్నది. రేవులను బాగుచేసి ఏనుగులు, గుఱ్ఱములు, మణులు, చందనము, ముత్యములు తెచ్చు వర్తకులను ఆదరింపవలెననియు, కోటలను ఆప్తులైన బ్రాహ్మణులకు అప్పగింపవలెననియు, మంత్రి యగువాడు విద్వాంసుడును అధర్మభీరువును ఏబదేండ్లు దాటి డెబ్బదికి లోబడినవాడును కావలెననియు అందు రాయలు చెప్పించెను. అది చదువువారికి ఎదుట తిమ్మరుసు నిలిచియున్నట్లే తోచును. కాని అచటనే మరియొక మాటయు ఉన్నది: అట్టివాడు దొరకనిచో రాజు తన కార్యము తానే నడుపుకొనవలెనే గాని, ఎవనినో పెద్దచేసి వానిచేతిలో చిక్కువడరాదు. మంత్రిని ఆరాధించిన రాజే మంత్రికి లోబడుటను గూర్చి భయపడినాడు. ఈ రెండు భావములును ఒకే హృదయమున, ఒకే ఆశ్వాసమున ఉన్నవి.

చెఱ

ఇచటనే తిమ్మరుసు విధానములోని లోపమును నిష్పక్షపాతముగా చెప్పవలసియున్నది. ఆయన తనవారిని నమ్మెను. కొండవీట మేనల్లుడు, వినుకొండలో మేనల్లుడు, దక్షిణమున తమ్ముడు గోవిందరాజు, కొలువులో కుమారుడు. సామ్రాజ్యపు కీలుకీలునను ఆ కుటుంబము నిలిచినది. దూరపు సీమలలో ద్రోహము జరుగకుండుటకు ఇంతకంటె గట్టి మార్గము ఆ కాలమున లేదు. వారు అసమర్థులును కారు. అయినను అట్టి ఏర్పాటు రాజు మనసులో ఒక్కనాడు శంక పుట్టిన యెడల ఆ శంకకు అంతు లేకుండ చేయును. జూగే లియాంగ్ తనకు చెంగ్‌దూలో 800 మల్బరీ చెట్లును కొలది పొలమును ఉన్నవనియు, తన పిల్లల బ్రతుకునకు అది చాలుననియు, చనిపోవునాటికి అంతకుమించి ఏమియు ఉండదనియు రాజునకు ముందుగానే విన్నవించుకొన్నాడు. 223లో ఆయన ప్రభువు లియూ బేయ్ మరణశయ్యపైన, నా కుమారుడు అసమర్థుడైనచో రాజ్యము నీవే గొనుమని చెప్పినప్పటికిని, ఆ కుమారునికే పదునొకండేండ్లు సేవచేసి మరణించినాడు. శంకకు తావివ్వకుండ బ్రతుకుటయు ఆయన నీతిలోని భాగమే. తిమ్మరుసునకు ఆ జాగ్రత్త లేకపోయెను. రాజు తన పెంపుడు బిడ్డవంటివాడు గదా యను ధీమాయే దానికి కారణమై యుండును.

రాయలు తన జీవితకాలముననే ఆరేండ్ల కుమారుడు తిరుమలరాయనికి పట్టము గట్టెను. 1524 ప్రాంతపు శాసనములలో ఆ బాలుని పేరు కనబడును. ఎనిమిదినెలలు ఉత్సవములు జరిగెనని, ఆ నడుమనే బాలుడు జబ్బుపడి మరణించెనని నూనిజ్ వ్రాసెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టెనని ఎవరో రాజు చెవిని వేసిరి. తిమ్మరుసును, ఆయన కొడుకులను, తమ్ముని, బంధువులను కొలువునకు పిలిపించి రాజు పలికినట్లు నూనిజ్ చెప్పిన మాటల సారము భయంకరమైనది: నా అన్న నా కన్నులు తీయుమని ఆజ్ఞ యిచ్చినప్పుడు నీవు మేక కన్నులు చూపితివి, నీ ప్రభువు ఆజ్ఞ మీరితివి గనుక నీవు అప్పుడే ద్రోహివి. ఏ దయవలన తాను ప్రాణముతో నిలిచెనో, ఆ దయనే రాజు నేరముగా లెక్కించినాడు. అప్పుడు కొలువులోనున్న పోర్చుగీసువారి సహాయముతో వారినందరిని బంధించిరి. మూడేండ్ల చెఱ. ఒక కుమారుడు తప్పించుకొని కొండలుచేరి ఎదిరించి మరల పట్టుబడెను. బ్రాహ్మణుని చంపరాదు గనుక కన్నులు తీయించిరని నూనిజ్ మాట. పెనుకొండలో తిమ్మరుసు సమాధి యని ఒక కట్టడమును నేటికిని చూపుదురు.

ఈ శిక్షకు ప్రధానాధారము నూనిజ్ వ్రాతయే. ఆ వర్తకుడే గజపతికుమారుడు వీరభద్రుడు అవమానము సహింపక ఆత్మహత్య చేసికొనెనని వ్రాసినాడు. ఆ కుమారుడు మలెబెన్నూరు సీమను పాలించిన సంగతి అతనికి తెలియదు. కావున అతని ప్రతివాక్యమును వేదముగా గైకొనలేము. అయినను తిమ్మరుసు పతనమే జరుగలేదనుటకు వీలులేదు. అంతటి వంశము అధికారపదవులనుండి ఆ కాలముననే తొలగిపోయినది.

మన ప్రాంతపు నటుడు ఈ విషాదమును వెండితెరమీద నిలిపినాడు. తెనాలి దాపున రావికంపాడులో 1927లో పుట్టిన గుమ్మడి వెంకటేశ్వరరావు, 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వచ్చిన మహామంత్రి తిమ్మరుసు చిత్రమున, ముప్పదియైదేండ్ల వయస్సుననే ఆ వృద్ధమంత్రి పాత్రను ధరించెను. రాయలుగా నందమూరి తారకరామారావు నటించెను. ఆ చిత్రమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా రాష్ట్రపతి రజతపతకము లభించినది. గొంతు పెంచక, కనురెప్ప ఆర్పక, రాజుపై వాత్సల్యమును రాజ్యముపై బాధ్యతను ఒక్కచూపులో నిలిపిన ఆ నటనను చూచిన ఈ ప్రాంతపు పెద్దలకు తిమ్మరుసనగా గుమ్మడి ముఖమే. అప్పాజీ కథలు మరుగుపరచిన గాంభీర్యమును ఆ నటుడు మరల మనకిచ్చినాడని నేను కృతజ్ఞతతో తలతును.

తిమ్మరుసు దోషియా? కాడని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఆరేండ్ల రాజు బ్రతికియుండి తండ్రి గతించినచో, రాజ్యమును నడపువాడు ఎవడు? ఆ పసిరాజు మంత్రియే. ఏండ్లతరబడి సామ్రాజ్యమును మోసినవానికి ఆ బాలుని ఆయుష్షుకంటె లాభకరమైనది మరియొకటి లేదు. ఆ బాలుని మరణమువలన లాభము పొందినవారు, తిమ్మరుసు కుటుంబము పెరుగుదలను ఓర్వలేనివారును, సింహాసనమునకు తరువాతి హక్కుదారుల పక్షమువారును మాత్రమే. ఎవరు పెట్టించిరో, అసలు విషమే పెట్టిరో లేక వట్టి రోగమో, ఆ విచారణ ఆనాడు జరుగలేదు. జరిపించి నిజము తేల్చగల నేర్పరి చెఱలో నుండెను.

1529లో రాయలు గతించునప్పటికి యువరాజు లేడు. చంద్రగిరిలో నున్న తమ్ముడు అచ్యుతరాయలను వారసునిగా నిర్ణయించి పోయినను, అల్లుడు రామరాయల పక్షము దానికి అడ్డుతగిలెను; కొలువు రెండుగా చీలెను; ఆ చీలికలో పొరుగు సుల్తానులను ఇంటి తగవులకు పిలుచు అలవాటు మొదలైనది. ఉదయగిరినుండి సింహాద్రివరకు కోటలను ఒకదానివెంట నొకటి కూర్చిన బుద్ధి ఆ వేళ కొలువులో లేదు.